కరెంటు నెల రోజులు రాకపోతే

(తుపాన్ల కాలానికి ముందు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ఊరి హైస్కూల్ ఆవరణలో విశ్రాంత విద్యుత్ ఇంజినీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే తోట పనులు మానుకొని వచ్చారు. అందుకని ఉపోద్ఘాతాలు లేకుండా విషయంలోకి వచ్చేస్తాను.

ఇందాక మెట్లెక్కుతుంటే ఇంజినీరింగ్ చదువుతున్న ఒక అబ్బాయి అడిగాడు: "సార్, గ్రిడ్ మొత్తం పడిపోతే నెలల తరబడి కరెంటు రాదట, జనం ఒకరి మీద ఒకరు పడి దోచుకుంటారట, వీడియోల్లో చెబుతున్నారు. నిజమేనా?" బాబూ, నువ్వు అడిగిన దాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. గ్రిడ్ పడిపోతుందా అన్నది ఒకటి. పడితే మనుషులు ఏమవుతారన్నది రెండోది. మొదటిదానితోనే నా ఉద్యోగమంతా గడిచింది. రెండోదానికి జవాబు ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లందరికీ కొంత తెలుసు, ఎందుకంటే తిత్లీ తుపానును చూశారు.

ముందు గ్రిడ్ సంగతి, అంటే కరెంటు తయారయ్యే చోట్లను ఊళ్లతో కలిపే తీగల వల సంగతి చెబుతాను. ఈ క్షణం మనం వాడే కరెంటు దాదాపు మొత్తం ఈ క్షణమే ఎక్కడో తయారవుతోంది. గోదాములో బస్తాలు పేర్చుకున్నట్టు నిల్వ చేసుకోవడం ఇప్పటికీ చాలా కొద్దిగానే కుదురుతోంది. దేశంలోని పెద్ద జనరేటర్లన్నీ ఒకే లయలో తిరుగుతాయి. ఆ లయ సెకనుకు 50 ఆవృత్తాలు, అదే 50 హెర్ట్జ్. ఒక పెద్ద ప్లాంటు ఉన్నట్టుండి ఆగిపోతే ఆ బరువు మిగతావాటి మీద పడి లయ మందగిస్తుంది. బాగా మందగిస్తే తమ మిషన్లు పాడవకుండా జనరేటర్లు తమంతట తామే లైను నుంచి విడిపోతాయి. ఒకటి విడిపోతే మిగతావాటి మీద ఇంకా బరువు, అప్పుడు ఇంకొకటి. ఇదంతా సెకన్లలో, మహా అయితే నిమిషాల్లో జరిగిపోతుంది.

మన దేశంలోనే జరిగింది. 2012 జులై 30 తెల్లవారుజామున ఉత్తరాది గ్రిడ్ పడింది. దాన్ని లేపి ఊపిరి పీల్చుకునేలోపే, మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ పడింది. ఈసారి తూర్పు, ఈశాన్య గ్రిడ్లను కూడా తీసుకుపోయింది. అరవై కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతం అది. ఢిల్లీ మెట్రో ఆగింది, వందల రైళ్లు ఆగాయి. బెంగాల్ బొగ్గు గనుల్లో లిఫ్టులు పనిచేయక రెండు వందల మంది దాకా కార్మికులు కింద ఇరుక్కుపోయారు, తర్వాత క్షేమంగా పైకి వచ్చారు. దక్షిణాదికి ఆ దెబ్బ తగల్లేదు. అప్పట్లో మనకూ వాళ్లకూ మధ్య గాజువాక లాంటి చోట్ల డీసీ లింకులు (లయ లేకుండా ఒకే దిక్కున పారే కరెంటు లైన్లు) మాత్రమే ఉండేవి, వాళ్ల లయ తప్పితే అది మన దాకా రాదు. 2013 డిసెంబరు 31న రాయచూర్–సోలాపూర్ ఏసీ లైనుతో మనమూ వాళ్లతో కలిసిపోయాం. దానివల్ల లాభం చాలా ఉంది, కరెంటు కొరత ఉన్నప్పుడు అక్కడి నుంచి తెచ్చుకోగలుగుతున్నాం. ఇప్పుడు వాళ్ల కష్టంలోనూ మనకు వాటా ఉంది.

2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ రెండు దేశాలూ ఒక్కసారిగా చీకటైపోయాయి. మర్నాటి ఉదయానికి దాదాపు అంతటా కరెంటు వచ్చేసింది. ఇది గమనించండి. గ్రిడ్ పడినా తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, మిషన్లు బాగుంటే దాన్ని గంటల్లో, ఒక రోజులో లేపవచ్చు. తేలిక పని కాదు. పరవాడలోని సింహాద్రి లాంటి బొగ్గు ప్లాంటు తిరిగి మొదలవ్వాలంటే దాని ఫ్యాన్లకు, పంపులకు, బొగ్గు పొడి చేసే మిల్లులకు ముందు బయటి నుంచి కరెంటు ఇవ్వాలి. జల విద్యుత్ కేంద్రానికి ఆ బాధ లేదు, గేటు ఎత్తి నీళ్లు వదిలితే టర్బైన్ తిరుగుతుంది. కాబట్టి ముందు నీటి కేంద్రాలు, వాటి నుంచి బొగ్గు కేంద్రాలు, ఆ తర్వాత ఊళ్లు. మనకు మాచ్‌ఖండ్, సీలేరు దగ్గర్లో ఉండడం ఒక ధైర్యం.

కాబట్టి బాబూ, లయ తప్పి పడిన గ్రిడ్ గురించి నాకు పెద్ద భయం లేదు. నా భయమంతా విరిగిపోయిన గ్రిడ్ గురించి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వైజాగ్ అంతటి నగరం కరెంటు లేకుండా ఉండిపోయింది. స్టీల్ ప్లాంటు ఆగింది. సెల్ టవర్లలో డీజిల్ అయిపోయి ఫోన్లు మూగబోయాయి. బంకుల్లో పెట్రోలున్నా పైకి తోడే మోటారు తిరగదు, జనరేటర్ ఉన్న బంకుల ముందు క్యూలు. పాలు, నీళ్ల టిన్నులు ఇష్టమొచ్చిన రేటుకు అమ్మారు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో వైజాగ్‌లో కొన్ని ప్రాంతాల తీగలను భూమిలోకి దింపారు. మంచి పని. కానీ ఉద్దానం తోటల్లో తీగలు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. ఆ తర్వాతి రోజుల్లో లైన్ల పనికి వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. కరెంటు ఎందుకు ఆలస్యమైందో చాలామందికి ఇప్పటికీ తెలియదు, డిపార్ట్‌మెంటు వాళ్లు పట్టించుకోలేదనే అనుకుంటారు. కొబ్బరి చెట్టు తీగ మీద పడితే తీగ ఒక్కటే తెగదు. తీగ లాగిన లాగుకు ఇటు స్తంభం, అటు స్తంభం కూడా మొదలంటా విరుగుతాయి. ఒక స్తంభం నిలబెట్టాలంటే ముందు దారిలో పడిన చెట్లు కోయాలి. రంపానికి పెట్రోలు కావాలి. తోటల్లోకి లారీ రాదు, ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభాన్ని తాళ్లు వేసి, బాదులు పెట్టి, మనుషులు భుజాల మీద మోసుకెళ్లారు. ఇతర జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మన్లకు మన దారులు తెలియవు. ఊరి కుర్రాళ్లు ముందు నడిచి ఫలానా తోట వెనక ట్రాన్స్‌ఫార్మర్ ఉందని చూపించిన చోట పని ఎంత తొందరగా అయిందో నేను కళ్లారా చూశాను. అలాంటి తోడు దొరకని చోట ఒక గ్యాంగు సగం పూట లైను వెతుక్కుంటూనే గడిపేసింది.

ఇక మొత్తం ప్రాంతమే నెలల తరబడి చీకట్లో ఉంటే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ప్యూర్టో రికో వైపు చూడాలి. అమెరికా ఏలుబడిలో ఉన్న ద్వీపం, ముప్పై లక్షలకు పైగా జనం. కొబ్బరి చెట్లు, కొండలు, వాన. ఫొటోలు చూస్తే మన మందస వైపు ఉన్నట్టుంటుంది. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ఆ ద్వీపం గ్రిడ్‌ను పూర్తిగా కూల్చేసింది. చివరి ఇళ్లకు కరెంటు రావడానికి దాదాపు పదకొండు నెలలు పట్టింది. ప్రభుత్వం మొదట చెప్పిన మృతుల లెక్క 64. తర్వాత జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ తుపాను తర్వాతి నెలల్లో మామూలుగా ఉండాల్సిన మరణాలకంటే ఎన్ని ఎక్కువ జరిగాయో లెక్క తీస్తే 2,975 అని తేలింది. ప్రభుత్వం కూడా ఆ సంఖ్యనే ఒప్పుకుంది.

అమ్మా, ఈ రెండు అంకెల మధ్య తేడా ఒకసారి ఆలోచించండి. గాలికి, వరదకు అక్కడికక్కడ పోయినవాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లు తర్వాత పోయారు, ఒక్కొక్కరుగా, ఇళ్లల్లో, ఆస్పత్రుల్లో. ఎక్కువగా ముసలివాళ్లు, పేదవాళ్లు. ఆక్సిజన్ మిషన్ ఆగి, మందులు అందక, డయాలసిస్ దొరక్క.

ఈ మాట ఉద్దానంలో చెబుతున్నానంటే కారణం మీకు వేరే చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలోనైనా కిడ్నీ రోగి లేని వీధి వెతకాల్సిందే. డయాలసిస్ అంటే కరెంటుతో పాటు నీళ్లు కూడా. మిషను నిమిషానికి అర లీటరు శుద్ధమైన నీటిని వాడుతుంది, నాలుగు గంటలకు 120 లీటర్లు. ఆర్‌వో వదిలేసే నీళ్లు కలుపుకుంటే ఇంకా చాలా ఎక్కువ. అది ఒక మనిషికి, ఒక పూటకు. వారానికి రెండు మూడు సార్లు చేయించుకోవాలి. సెంటర్లో జనరేటర్ ఉంటుంది నిజమే. డీజిల్ ఎన్ని రోజులకు ఉంది? ట్యాంకరు రాకపోతే నీళ్లు ఎక్కడివి? దారిలో చెట్లు పడితే రోగి సెంటరుకు ఎలా వస్తాడు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తుపాను రాకముందే దొరకాలి. ప్రతి పంచాయతీ దగ్గర డయాలసిస్ చేయించుకునేవాళ్ల పేర్లు, వాళ్లు వెళ్లే సెంటరు, వాళ్ల రోజులు రాసిన కాగితం ఉండాలి. కాగితమనే అంటున్నాను, ఫోన్లో ఉన్న జాబితా ఫోన్‌తో పాటే ఆగిపోతుంది. తుపాను హెచ్చరిక రాగానే వాళ్లకు వంతుకు ముందే ఒకసారి డయాలసిస్ చేయించి, వీలైతే పలాస, శ్రీకాకుళం లాంటి చోట బంధువుల ఇళ్లకు చేర్చాలి. నా దృష్టిలో మిగతా పనులన్నిటికంటే ఇది ముందు.

ఇప్పుడు నీళ్ల సంగతి. నేను ఈ రోజు వచ్చిందే దీని కోసం. కరెంటు పోతే చీకటికి భయపడతాం, ఫ్యాను లేదని బాధపడతాం. చీకటికి దీపం ఉంది, ఉక్కకు విసనకర్ర ఉంది. రెండో రోజుకు ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అవుతుందే, అక్కడ మొదలవుతుంది అసలు కష్టం. మన తాతల కాలంలో కరెంటే లేదు, అయినా నీళ్లు ఆగలేదు. నూతి మీద గిలక ఉండేది, చేంతాడు ఉండేది. ఆ తర్వాత బోరింగు వచ్చింది. ఇప్పుడు చాలా ఊళ్లలో అదే బోరులోంచి చేతిపంపు పీకేసి, సబ్‌మెర్సిబుల్ మోటారు దింపేశారు. నుయ్యిని చెత్తతో పూడ్చేశారు, లేదా మూత వేసేశారు. కరెంటు రాకముందు ఉన్న వసతిని కరెంటు వచ్చాక మన చేతులతో మనమే తీసేసుకున్నాం.

లెక్క వేద్దాం. తాగడానికి, వండడానికి, ఒళ్లు కడుక్కోవడానికి అన్నీ కలిపి మనిషికి రోజుకు పదిహేను లీటర్లు కనీసం. రెండు వేల జనాభా ఉన్న ఊరికి ముప్పై వేల లీటర్లు. మంచి మార్క్–2 బోరింగు నిమిషానికి పన్నెండు లీటర్లు ఇస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పది గంటలు కొట్టినా ఏడు వేలు. అంటే ఊరికి నాలుగైదు పనిచేసే బోరింగులు కావాలి. మీ ఊళ్లో ఎన్ని ఉన్నాయి? పనిచేసేవి ఎన్ని? లోపల వాషర్లు మార్చి ఎన్నాళ్లైంది?

(సభలో ఒకరు: ఇక్కడ బోరు నీళ్లు తాగడానికి జనం భయపడుతున్నారు సార్.)

ఆ భయానికి కారణం ఉందండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో శాస్త్రవేత్తలు ఇంకా ఒక మాట మీదకు రాలేదు. అందుకే తాగే నీళ్లు, వాడుక నీళ్లు వేరు చేసి ఆలోచించాలి. స్నానానికి, గిన్నెలకు, పశువులకు బోరింగు, నుయ్యి. తాగడానికి, వంటకు మనిషికి ఐదు లీటర్లు అనుకుంటే ఊరికి పది వేల లీటర్లే. దాన్ని రక్షిత మంచినీటి పథకం ట్యాంకు నుంచో, ఆర్‌వో ప్లాంటు నుంచో జనరేటర్ పెట్టి తీసుకోవచ్చు. హిరమండలం నుంచి వచ్చే వంశధార నీళ్లు చాలా మేలు చేస్తున్నాయి, కానీ అవి శుద్ధి అయి ఊళ్లకు చేరే దారిలో కరెంటు లేకుండా జరగని పనులున్నాయి. తిత్లీ తర్వాత జనరేటర్లను ఊరి నుంచి ఊరికి తిప్పి ట్యాంకులు నింపిన సంగతి మీకు గుర్తుంది. ఒక చోట జనరేటర్ వచ్చింది, కనెక్షన్ ఇచ్చే మనిషి లేడు. ఇంకో చోట మనిషున్నాడు, కేబులు పొడవు చాలలేదు. పంపు హౌసు దగ్గర ఇప్పుడే ఒక చేంజ్‌ఓవర్ స్విచ్చి (లైను కరెంటుకు, జనరేటర్ కరెంటుకు మధ్య మార్చేది) బిగించి, జనరేటర్ కేబులు తగిలించే చోటు సిద్ధం చేసి పెడితే పది నిమిషాల్లో మోటారు తిరుగుతుంది. పది హెచ్‌పీ మోటారుకు పాతిక కేవీఏ జనరేటర్ సరిపోతుంది. రోజుకు మూడు గంటలు తోలితే పది పన్నెండు లీటర్ల డీజిల్. పెళ్లిళ్లకు షామియానా వేసేవాళ్ల దగ్గర, జీడిపప్పు కార్ఖానాల్లో జనరేటర్లు ఉన్నాయి. ఎవరి దగ్గర ఏ సైజుది ఉందో రాసుకొని, ఇప్పుడే మాట తీసుకోండి.

నూతి నీళ్లు తాగక తప్పకపోతే మరగబెట్టాలి. లేదంటే బ్లీచింగు. నీళ్లు తేటపడ్డాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి, గంట ఆగి తాగాలి. విప్పి వదిలేసిన పొట్లం సముద్రపు తేమకు పసలేకుండా పోతుంది, గట్టి మూత డబ్బాలో పెట్టాలి. మరగబెట్టినా, బ్లీచింగు వేసినా క్రిములే చస్తాయి తప్ప నీళ్లలో కరిగి ఉన్న లవణాలు పోవు.

(ఒక మహిళ: మా ఇంట్లో ఇన్వర్టర్ ఉందండి. ఈ మధ్య మేడ మీద సోలార్ కూడా పెట్టించాం.)

మంచిదమ్మా, కానీ రెండూ విడివిడిగా చూడాలి. ఇన్వర్టర్‌కు 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు ఆరేడు గంటలు నడుస్తాయి. ఆ తర్వాత దాన్ని ఛార్జి చేయడానికి కరెంటు కావాలి కదా. ఇక మేడ మీది సోలార్. సూర్యఘర్ పథకంలో పెట్టించుకున్నవి ఎక్కువగా ఆన్‌గ్రిడ్‌వి. లైన్లో కరెంటు పోగానే అవి కూడా ఆగిపోతాయి, నడి మధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. అది లోపం కాదు, తీగ పట్టుకున్న లైన్‌మన్ చావకుండా అలా పెట్టారు. చాలామందికి ఈ సంగతి పెట్టించేటప్పుడు ఎవరూ చెప్పరు, అది తప్పు. లైను పోయినా పనిచేయాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. అంత ఖర్చు పెట్టలేకపోతే మూడు వందల వాట్ల ప్యానెల్ ఒకటి, సోలార్ ఛార్జర్ ఒకటి విడిగా కొని ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీకే కలిపించుకోండి. మంచి ఎండకు రోజుకు యూనిట్ పైన వస్తుంది. లైట్లకు, ఫోన్లకు, రాత్రి ఒక ఫ్యానుకు సరిపోతుంది.

ప్రతి ఇంటికీ ఇది కుదరదు. ఊరికి ఒక్క చోట చాలు. ప్యూర్టో రికోలో ఆద్‌హున్‌తాస్ అని కొండల్లో ఒక చిన్న పట్నం ఉంది. అక్కడ కాసా ప్యూబ్లో అనే స్థానికుల సంస్థ తమ భవనం మీద 1999లోనే సోలార్ పెట్టుకుంది. మరియా తర్వాత ఆ ద్వీపమంతా చీకట్లో ఉంటే ఆ భవనంలో దీపం వెలిగింది. ఊపిరి మిషన్లు అక్కడికే తెచ్చుకొని పెట్టుకున్నారు, ఫోన్లు ఛార్జి చేసుకున్నారు, మందులు ఫ్రిజ్‌లో దాచుకున్నారు. తర్వాత వాళ్లు అక్కడితో ఆగకుండా 2023లో పట్నం నడిబొడ్డున కొన్ని దుకాణాలకు కలిపి సొంత చిన్న గ్రిడ్, అదే మైక్రోగ్రిడ్ ఏర్పాటు చేసుకున్నారు. మన ఊళ్లో ఈ హైస్కూల్ భవనమో, సచివాలయమో ఆ పని ఎందుకు చేయకూడదు? ఒక ఫ్రిజ్, నాలుగు ప్లగ్గులు, ఒక నెబ్యులైజర్, ఒక రేడియో. ఇన్సులిన్ వాడేవాళ్లకు ఆ ఫ్రిజ్ ప్రాణంతో సమానం. వాడుకలో ఉన్న ఇన్సులిన్ ముప్పై డిగ్రీలు దాటని గది వేడిలో సాధారణంగా నాలుగు వారాల దాకా నిలుస్తుంది, విప్పని సీసాలకే చల్లదనం కావాలి. తడి ఇసుకలో మట్టికుండ పెట్టి అందులో ఉంచితే కొంత చల్లగా ఉంటుంది, కానీ మన తీరంలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి కుండను నమ్ముకుని వారాలు గడపలేం.

డబ్బు గురించి ఒక మాట. హుద్‌హుద్ నాటికి ఫోన్‌తో డబ్బు కట్టడం మనకు తెలియదు. ఇళ్లల్లో నోట్లుండేవి. ఇప్పుడు టీ తాగినా స్కానరే. టవర్ పడిన రోజున ఖాతాలో లక్ష ఉన్నా కిలో ఉల్లిపాయలు రావు, ఏటీఎం కూడా తెరుచుకోదు. పది, ఇరవై, యాభై, వంద నోట్లలో రెండు వారాల ఖర్చుకు సరిపడా డబ్బు ఇంట్లో విడిగా ఉండాలి. ఐదు వందల నోటుకు చిల్లర ఆ రోజుల్లో ఎవరూ ఇవ్వలేరు. సెల్లు వేసుకునే రేడియో ఒకటి ఉండాలి. బియ్యం, పప్పు, ఉప్పు, అగ్గిపెట్టెలు మీకు నేను చెప్పేదేముంది, గ్యాసు మాత్రం సిలిండరు సగం అయ్యేలోపే రెండోది బుక్ చేసుకోండి.

ఇప్పుడు లైన్‌మన్ల గురించి చెప్పాలి. దీన్ని దయచేసి మీ ఇళ్లల్లో కూడా చెప్పండి. లైన్‌మన్ ఎల్‌సీ, అంటే లైనులో కరెంటు ఆపామన్న అనుమతి, తీసుకొని, రెండు పక్కలా ఎర్త్ వేసి స్తంభం ఎక్కుతాడు. మీ ఇంట్లో చిన్న జనరేటర్ కొని, రెండు పక్కలా ప్లగ్ ఉన్న వైరుతో గోడ సాకెట్‌కు తగిలిస్తే ఆ కరెంటు మీ ఇంటితో ఆగదు. మీటరు దాటి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్తుంది. 11 వేల వోల్టులను 230 చేసే ఆ ట్రాన్స్‌ఫార్మరే వెనక్కి తిరిగి మీ 230ని 11 వేలు చేస్తుంది. మనకు కరెంటు ఇవ్వడానికి వచ్చిన పిల్లవాడు స్తంభం మీదే మాడిపోతాడు. ఎర్త్ వేయడంలో ఒక్క చిన్న పొరపాటు జరిగినా చాలు. చేంజ్‌ఓవర్ స్విచ్ లేకుండా జనరేటర్ తగిలించొద్దు. దాన్ని ఇంట్లో, వరండాలో కూడా పెట్టొద్దు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపానుకు రోజుల తరబడి కరెంటు పోయింది. మన తెలుగు పిల్లలు వేలమంది ఉండే డాలస్, హ్యూస్టన్ అన్నీ ఆ చలిలో చిక్కుకున్నాయి. మొత్తం గ్రిడ్ కూలిపోవడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఆగిందని దాన్ని నడిపేవాళ్లే తర్వాత చెప్పారు. ఆ రోజుల్లో వెచ్చదనం కోసం, కరెంటు కోసం ఇంట్లో జనరేటర్లు, గ్యారేజీలో కార్లు నడిపి ఆ పొగకు ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

అబ్బాయి రెండో ప్రశ్న మిగిలింది. మనుషులు ఒకరి మీద ఒకరు పడతారా? తిత్లీ తర్వాత మొదటి రోజుల్లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఎవరింట్లో బియ్యం తడవలేదో వాళ్లింట్లో వీధంతా అన్నం తింది. పడిన చెట్లను ఎవరి తోటవని అడక్కుండా కోశారు. గొడవలు ఎప్పుడు మొదలయ్యాయి? నీళ్ల ట్యాంకరు పక్క ఊరికి వచ్చి మన ఊరికి రానప్పుడు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పనప్పుడు. ట్యాంకరు పెద్ద వీధి దగ్గరే ఖాళీ అయిపోయి చివరి వాడకు చేరనప్పుడు. జనం రోడ్ల మీద బైఠాయించింది ఆకలికంటే ఆ అన్యాయానికి, ఆ అయోమయానికి. వాళ్లను తప్పుపట్టలేను. ఎస్సీ వాడకు, మత్స్యకార పేటకు నీళ్లు ఆఖరున చేరే ఊళ్లో తుపాను రాకముందే ఏదో విరిగి ఉంది, తుపాను దాన్ని బయటపెడుతుంది అంతే. అందుకే నీళ్ల వంతుల పట్టిక ముందే వేసుకోవాలి, చివరి వీధి నుంచి మొదలయ్యేలా. పంచాయతీ గోడ మీద ఒక నల్లబల్ల ఉండాలి. ఈ రోజు ఏ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే లైను) పని జరుగుతోంది, ట్యాంకరు ఎన్ని గంటలకు, డీజిల్ ఎంత ఉంది, రోజూ రెండు పూటలా ఎవరో ఒకరు రాయాలి. సబ్‌స్టేషన్‌కు సైకిల్ మీద వెళ్లి అడిగి వచ్చే ఇద్దరు కుర్రాళ్లు చాలు. రేపటికి కాదు ఎల్లుండికి వస్తుందని తెలిస్తే జనం ఓర్చుకుంటారు. ఏమీ తెలియకపోతేనే టెన్షన్, పుకార్లు, కొట్లాటలు.

సర్పంచ్ గారూ, ఇవన్నీ కాగితం మీద రాసుకుంటే పనిచేస్తాయో లేదో తెలియదు. అక్టోబరు రాకముందే, సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా ఊరంతా ఎవరి మెయిన్ వాళ్లు ఆపేసుకుందాం. రోగులున్న ఇళ్లు, చంటిపిల్లలున్న ఇళ్లు, ఆర్‌ఎంపీ గారి క్లినిక్కు వదిలేద్దాం. ట్యాంకు మోటారును జనరేటర్ మీదే తోలుదాం, బోరింగులు కొట్టి చూద్దాం, నూతిలో చేద వేద్దాం. ఫోన్లు కూడా పక్కన పెట్టి కబురు ఒక వీధి నుంచి ఇంకో వీధికి ఎంతసేపట్లో చేరుతుందో చూద్దాం. ఏది పనిచేయలేదో సోమవారం పొద్దున ఇక్కడే కూర్చొని రాసుకుందాం. నేను శనివారం రాత్రికే వచ్చేస్తాను. పంపు హౌసు స్విచ్చి బిగించడానికి ఊళ్లో ఎలక్ట్రీషియన్ ఎవరున్నారో ఇప్పుడు చేయి ఎత్తండి, వాళ్లతో సభ అయ్యాక అక్కడికి వెళ్లి కొలతలు తీసుకుందాం.